డైనింగు టేబులుపై ధూమశకట దిగ్విజయము

ఏ పట్టణము గుండా సాగర్ రోడ్డు రేయింబవళ్లు లారీలతో ఘోషించునో, ఏ పట్టణపు పెద్దచెరువు నిండినప్పుడెల్ల జనులు సెల్‌ఫోనులెత్తి పరుగిడుదురో, ఏ పట్టణమునకు నిజాము కాలము మొదలు నేటిదాకా ఒక్క రైలైనను వచ్చిన పాపమున పోలేదో, ఆ ఇబ్రహీంపట్నమున, గ్రీష్మభాస్కరుడు రేకుల షెడ్లను పెనములవలె కాల్చుచున్న ఒకానొక ఆదివారపు మధ్యాహ్నమున, అంగడి మడిగెల కిరాయితో పొట్ట నింపుకొనువాడును, పొలము గట్టుపై కాలు మోపి ఏండ్లు గడిచినవాడును, నిర్వ్యాపార శిఖామణియు నగు ఇంద్రసేనుడు పొగతో యుద్ధమునకు సన్నద్ధుడయ్యెను.

ఆ మహావీరుని రణరంగమేదియన, ఇంటిల్లిపాది కూర్చుండి అన్నము తినవలసిన డైనింగు టేబులు. ఊరికి రైలు రాకున్న నేమి, నేనే తెచ్చెదనని ఆ భగీరథుడు దానిమీద నిజాము నాటి స్టేషనొకటి నిర్మించెను. బంధుజనుల శుభలేఖలు కత్తిరించి గోడలు లేపెను. నల్లనువ్వులు బొగ్గుగా రాశి పోసెను. చీపురుపుల్లలను తంతిస్తంభములుగా నాటెను. ‘ఇబ్రహీంపట్నం’ అని సిగ్గులేక బోర్డు కూడ వ్రాసెను. నల్లని బొమ్మ ఇంజనొకటి పట్టాలపై నిలిచి, ప్లాస్టిక్కు మెరుపుతో నిగనిగలాడుచుండెను. నాటినుండి ఆ ఇంటివారు నేలమీదనే తినుచుండిరి.

ఆటతో సరిపుచ్చుకొనిన బాగుండును. కాని కీర్తికండూతి కలవాడు ఊరకుండునా? వాట్సాపులో ‘పాత రైళ్ల దోస్తులు’ అను సభ కలదు. ఆ సభాపతి పెద్ద అంబర్‌పేట నివాసి శ్రీపాల్. తనకు తెలియని స్టేషను భూమండలమున లేదని అతని దృఢవిశ్వాసము. ఇంద్రసేనుడు పంపిన మొదటి ఫోటోలో స్టేషను గోడపై ‘విందు’ అను బంగారు అక్షరములు తళుక్కుమనగా, రైలుకు పెండ్లా యని సభ నవ్వెను. రెండవ ఫోటోలో పొగగొట్టమున పొగకు బదులు దూది యుండెను. శ్రీపాల్ వ్రాసిన వాక్యము ఇంద్రసేనుని గుండెలో ములుకై నిలిచెను.

“ఇంజనుకు చెవినొప్పి లేచిందా అన్నా, దూది పెట్టినవ్?”

నిజముగనే ఆ రాత్రి అతనికి ముద్ద దిగలేదు. అంతటి ఘనకార్యమునకు అంతటి దుఃఖమే తగును. అది చాలదన్నట్లు భార్య రేణుక, మోకాళ్లు పట్టుకొని నేలమీదినుండి లేచుచు, ఒక భీషణ ప్రతిజ్ఞ చేసెను.

“ఈసారి గూడ గా శ్రీపాల్ బొమ్మనే అన్నడనుకో, పొద్దుగూకకముందే గీ రైలును సజ్జ మీదికి ఎక్కిస్త. ఒక్కడు, ఒక్కడంటె ఒక్కడు నిజం రైలనుకుంటె, టేబుల్ నీదే.”

కావున ఆ ఆదివారము తాడో పేడో తేలవలసియుండెను. నిజమైన పొగ కావలెను. ఊదుబత్తుల పొగ సన్నగా పోయెను. అప్పుడా మేధావి బోనాలనాడు అమ్మవారి ముందు ధూపము వేయు మైసాచి గుగ్గిలమును వెదకి తెచ్చి, నిప్పుకణికలపై చల్లి, ఇంజను వెనుక దాచెను. దట్టముగా పొగ లేచెను. వీరుడు ఫోను కెమెరా తెరచి, అచట లేని శ్రీపాలునిపై సింహనాదము చేసెను.

“శ్రీపాలా, దూది అన్నవ్ గద. గియ్యాల నిజం పొగ సూపిస్త. నీ కండ్లల్ల నీళ్లు రాకుంటె నేను ఇంద్రసేన్‌నే కాదు.”

నీళ్లు మొదట అతని కండ్లలోనే వచ్చెను.

ఇంతలో ఒక సంగతి అతడు మరచెను. పక్క గదిలో మేనత్త బాలనర్సమ్మ కునుకు తీయుచుండెను. మైసాచి వాసన ముక్కుకు సోకినచో ఆమెకు శివము వచ్చుననియు, అమ్మవారు ఒంటిమీదికి దిగి ఊగుననియు ఆ ఇంట పాలు తాగు పిల్లలకును తెలియును. తెలియనిది రైలు కట్టిన ఈ ప్రాజ్ఞునికే.

తలుపు ఫెళ్లున తెరుచుకొనెను. జుట్టు విరబోసుకొని ఊగుచు అత్త వచ్చెను. రేణుక పసుపునీళ్లు, నిమ్మకాయ పట్టుకొని వంటింటినుండి పరుగెత్తెను. శత్రుభయంకరుడు కుర్చీ వెనుకకు జరిగెను.

“ఎవడ్రా బాలకా నన్ను పిలిచినోడు? పొగేసి పిలిచి, ఫోన్ల మొఖం పెడ్తవా? ఊరు కట్టినవ్. ఇంజను పెట్టినవ్. బొగ్గు పోసినవ్. నేనేడ నిలవడాలె రా? నాకు జాగ లేని ఊర్లె నీ బండి ఎట్ల కదుల్తదో నేను గూడ సూస్త.”

బండి కదలదని, దానికి మోటారే లేదని చెప్పు ధైర్యము ఇంద్రసేనునికి లేకపోయెను. తప్పయిందని చెంపలు వేసుకొని, తులసికుండీలోని గులకరాయి నొకదానిని తెచ్చి పట్టాల పక్కన నిలిపెను. రేణుక దానికి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మైసమ్మ తల్లీ శాంతించుమని మ్రొక్కెను. అత్త ఒంటిమీది తల్లి సంతోషించి, టేబులును రెండు చేతుల పట్టి ఒక్క ఊపు ఊపెను. భయకంపితుడైన వీరుని బొటనవ్రేలు ఫోనుపై పడి ఫోటో క్లిక్కుమనెను. నువ్వులు నేల రాలెను. అత్త కుర్చీలో కూలబడి, కండ్లు తెరచి, తాగనీకి నీళ్లియ్యమనెను.

ఇంద్రసేనుడు ఆ ఫోటోను పెద్దది చేసి చూచెను. అంతయు అదిరియుండెను. బోర్డు పొగలో మునిగెను, గోడలు అలుక్కుపోయెను, ఇంజను మెరుపు మాయమయ్యెను. కానవచ్చునది పొగగొట్టపు కొన, పట్టాల పక్క మైసమ్మ రాయి. మరల తీసెదననగా మైసాచి ముట్టవద్దని రేణుక నిప్పుల మీద నీళ్లు పోసెను. అమ్మ ఉన్న ఫోటోనే పంపుమని, కాదన్నచో ఆమెకు మరల కోపము వచ్చునని హెచ్చరించెను. అతడు దానికి నలుపు తెలుపు రంగు వేసి, మాట మాత్రము వ్రాయక, ఉరికంబ మెక్కువానివలె పంపెను. రేణుక సజ్జకు నిచ్చెన వేసెను.

టీ చల్లారువేళకు శ్రీపాలుని తీర్పు వచ్చెను.

“గిది అసలైన పాత ఫోటో. ఎవలింట్ల దొరికింది అన్నా? గా మైసమ్మ రాయి నాకు ఎరుకే. మా తాత గా స్టేషన్లనే రైలెక్కి బల్లార్షా పోయిండు.”

వెనువెంటనే సభ్యులందరు అవ్ అన్న, అవ్ అన్న యని వంతపాడిరి. ఒకడు ఆ స్టేషనులో తాగిన చాయి రుచి కూడ తలచుకొనెను.

అది మా డైనింగు టేబులు అని ఇంద్రసేనుడు వ్రాసెను, మరల తుడిచివేసెను. నిజము చెప్పినచో రైలు తిరిగి బొమ్మ యగును. శ్రీపాలుని తాతను రైలు దింపుటకు అతనికి మనసొప్పలేదు. ఫోను తెచ్చి భార్యకు చూపెను. రేణుక చదివెను. నువ్వులు రాలిన నేలను, పసుపు కారుచున్న రాయిని, శుభలేఖల స్టేషనును ఒకమారు కలయజూచెను. ఆడిన మాట తప్పనిది గనుక నిచ్చెన తీసివేసి, చాప తెచ్చి నేలమీద పరిచెను.

జయము, జయము! రైలెరుగని ఊరిలో, కదలని ఇంజనుతో, అదిరిన ఫోటోతో అరివీరులను గెలిచి, మోకాళ్లు పీకుచుండగా నేలమీద కూర్చుండి పప్పన్నము తిను హక్కును ఇంద్రసేనుడు శాశ్వతముగా సంపాదించెను.