జాయ్‌స్టిక్‌తో అడవిపందుల తరిమివేత

ఇరవయ్యొకటో శతాబ్దం రావడానికి ఇంకా చాలా టైముందని దేశమంతా నిశ్చింతగా ఉండగా, అది ఘాట్ రోడ్డు ఎక్కి జీపులో మా కొండకి వచ్చేసిందని వరహాలరావుగారు హుకుంపేట సంతలో ప్రకటించారు. ఎనభయ్యారో సంవత్సరం అది. వారు ఏజెన్సీ ప్రత్యేక చికాకుల నివారణాధికారి. మైకు నాది. సింహాచలం సౌండ్ సర్వీస్ అంటే ఈ కొండల్లో పెళ్లికైనా మీటింగుకైనా నేనే. చాలామంది నాయకుల ఉపన్యాసాలు మోశాను గానీ, ఇంత దూరదృష్టి నా మైకులోంచి రావడం అదే మొదలు.

శతాబ్దం అంటే ఒక హోమ్ కంప్యూటర్. టైపు మిషన్‌లో సగం ఉంటుంది. దాన్ని టీవీకి తగిలిస్తారు. పక్కన జీపు గేరు రాడ్డు లాంటిది ఇంకోటి, జాయ్‌స్టిక్. విశాఖలో పిల్లలు దాంతో ఆటలాడి చెడిపోతున్నారనీ, ఇక్కడ దాంతో పరిపాలన చేస్తామనీ అయ్యగారు వివరించారు.

మొదటి చికాకు సోములమ్మది. అయ్యగారి ఆఫీసు వెనక వాలులోనే ఆమె చోడిచేను, అంటే రాగిచేను.

"నీ బాధేమిటమ్మా?"

"అడివిపందులు బాబూ. సేను తొక్కీసి తినేత్తన్నాయి. మంచెక్కి డబ్బా వాయించీ వాయించీ సేతులు పడిపోనాయి. కోతకొచ్చీసింది. ఇది గాని పోతే యేడాదంతా మాకు అంబలి నేదు."

"ఫీడ్ చేసేద్దాం," అన్నారు అయ్యగారు.

కంప్యూటర్‌కి ఏ సంగతి ఎక్కించాలన్నా కేసెట్లోంచే ఎక్కాలి. టేప్‌రికార్డర్‌లో కేసెట్ వేస్తే 'కీ... గర్ర్... కీ...' అని అరుస్తూ ఎక్కుతుంది. కంప్యూటర్ ఆలోచిస్తున్న చప్పుడు ప్రజలందరూ వినాలని అయ్యగారు దాన్ని నా ఆంప్లిఫైయర్‌కి కలిపించారు. హారన్లు కొండవైపు తిప్పి కట్టాను. మొదటి 'కీ'కే ఊళ్లో కుక్కలు పక్క ఊరికి వెళ్లిపోయాయి.

చివరికి తెర మీద చేను కనిపించింది. పందులూ కనిపించాయి. సోములమ్మ జాయ్‌స్టిక్ తిప్పితే ఒక్కొక్కటే మాయమయ్యాయి.

"ఇయ్యేటి బాబూ, ఇటికల్నాగున్నాయి?"

"మోడల్."

"మరి ఈ సంగతి కొండమీది పందులకి ఎవులు సెప్తారు?"

"అది ఇంప్లిమెంటేషన్. ఫీల్డు స్టాఫ్ చూసుకుంటారు."

ఫీల్డు స్టాఫ్ పోస్టులు ఇంకా శాంక్షన్ కాలేదు. అయినా ఆ వారం ఒక్క పందీ కొండ దిగలేదు! మా వోల్టేజీకి కేసెట్ సగంలో ఆగిపోయేది. అయ్యగారు మళ్లీ మొదటి నుంచి వేసేవారు. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కొండంతా 'కీ' అనేది. సోములమ్మ మంచె దిగిపోయి హాయిగా ఇంట్లో పడుకుంది. జాయ్‌స్టిక్ విజయం అని అయ్యగారు పైకి రిపోర్టు పంపారు. నాకు వేరే అనుమానం వచ్చింది గానీ, మెచ్చుకోవలసిన చోట అనుమానించడం నా వృత్తికి మంచిది కాదు.

రిపోర్టు చూసి మంత్రిగారే వచ్చారు. భోజనం చేసి ఆఫీసు గదిలో నడుం వాల్చారు. మా అయ్యగారు భక్తితో కేసెట్ వేశారు. మంత్రిగారు లేచి కూర్చున్నారు.

"ఏమిటయ్యా ఆ గోల?"

"కంప్యూటర్ లోడవుతోంది సార్."

"గిరిజన సోదరులకి ఇంత చికాకా? నా ప్రభుత్వంలోనా? తక్షణం పీకండి!"

"అది తీసేస్తే పందులు..." అని నేను నోరు తెరిచాను.

"సింహాచలం," అన్నారు అయ్యగారు, "మైకువాడు మాట్లాడకూడదయ్యా, మాట్లాడించాలి."

వైరు ఆయనే స్వయంగా పీకారు. అంత చురుకైన అధికారిని నేను ఎక్కడా చూడలేదు. మంత్రిగారు తెర మీద ఉన్న పందులన్నిటినీ జాయ్‌స్టిక్‌తో తరిమేసి, ఈ ప్రాంతాన్ని పందిరహిత ప్రాంతంగా ప్రకటించి, ఇక మీదట చప్పుడు చెయ్యరాదని ఆర్డరు వేసి కొండ దిగారు. ఆ రాత్రి ఊరంతా నిశ్శబ్దం. చాలా రోజుల తర్వాత నేను కూడా నిద్రపోయాను.

పొద్దున్నే సోములమ్మ తొక్కేసిన చోడికర్రలు గుప్పెడు పట్టుకుని వచ్చింది. అయ్యగారు ఎంతో ఓపిగ్గా ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టారు.

"చూడు. ఒక్క పందైనా ఉందా?"

"ఇందల నేవు బాబూ."

"మరి ఇంకేమైనా చికాకులున్నాయా? మొహమాటపడకుండా చెప్పు."

సోములమ్మ చేతిలో కర్రలు టీవీ పక్కన పెట్టింది.

"ఇంక సికాకేటుంటాది బాబూ? కాయడానికి సేనే నేదు."

అయ్యగారి కళ్లు చెమ్మగిల్లాయి. నన్ను మైకు ఆన్ చెయ్యమని, గొంతు సవరించుకుని, జిల్లాలో చికాకులన్నీ సమూలంగా తొలగిపోయిన మొట్టమొదటి కుటుంబం సోములమ్మదేనని ప్రకటించారు. తర్వాత నా వైపు తిరిగి చప్పట్లకి సైగ చేశారు.

కొట్టాను.