ఫీటున్నర గాలి

సోమవారం పొద్దున బీరతీగకు పందిరి వేయాలని బాలనర్సయ్య అనుకున్నాడు. చేనేత సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి రెండేళ్లయింది. సిద్దిపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ఆయన ఒక్కడే ఉంటాడు.

గుంజ నిలబెట్టబోతే పైన ఠంగుమని తగిలింది. పక్కింటి మేడ బాల్కనీ ఆయన పెరటి మీదికి వచ్చి ఉంది. కిందటేడు ఆ ఇల్లు కొనుక్కున్న స్వరాజ్యలక్ష్మి రిటైరైన నర్సు. ఆమె కూడా ఒక్కతే. ఇద్దరి మధ్యా ఇంతవరకూ ఒక్క మాట లేదు. తీగ ఆ బాల్కనీకి పాకితే తప్పవుతుందేమో కనుక్కుందామని బాలనర్సయ్య మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాడు.

క్లర్కు ప్రవీణ్ దగ్గర తీగలకు ఫారం లేదు, ఆక్రమణలకు ఉంది. అదే నింపి సంతకం పెట్టించుకున్నాడు. మూడోనాడు సర్వేయర్ వచ్చి, బాల్కనీ అంచు నుంచి టేపు వేలాడదీసి, అది ఫీటున్నర బాలనర్సయ్య జాగ మీది గాలిలో ఉందని తేల్చాడు. స్వరాజ్యలక్ష్మికి నోటీసు వెళ్లింది. ఒక్క మాటైనా అడగకుండా కేసు పెట్టాడని ఆమె నొచ్చుకుని, ఆయన తీగ తన గోడ ఎక్కుతోందని రాసిచ్చింది. ఈసారి నోటీసు బాలనర్సయ్యకు వచ్చింది. రెండేళ్లలో ఆయన పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అదే. రెండుసార్లు చదువుకున్నాడు.

విచారణ రోజున అధికారి, కింద జాగ ఎవరిదో పైన గాలీ వారిదేనని చెప్పి, బాల్కనీ కొట్టేయాల్సిందేనన్నాడు.

స్వరాజ్యలక్ష్మి తల దించుకుంది.

"కొట్టెయ్యిండ్రి సార్. గాడ కుర్చీ ఏసుకుంటే, ఈయన వంట చేసుకుంట పోయిన వాళ్లామెతోని మాట్లాడేది ఇనిపిస్తది. ఉప్పెక్కువైందా అని అడుగుతడు. కాలేదులే అని నేను పైనుంచే అంట. ఆయనకు ఇనరానంత చిన్నగనే. నాకు గా ఒక్క ముచ్చటనే ఉంటది సార్ రోజుకు."

బాలనర్సయ్యకు చెవులు వేడెక్కాయి. తన మాటలు వినేవాళ్లు ఎవరూ లేరనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. అధికారి వైపు తిరిగాడు.

"కేసు వద్దు సార్. గా ఫీటున్నర మేడమ్‌కే ఉండనియ్యిండ్రి."

పెట్టిన ఫిర్యాదు ఊరికే వెనక్కి రాదని, గాలి వాడుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలని అధికారి అన్నాడు. ప్రవీణ్ ఇంకో ఫారం తీశాడు. అందులో అనుమతికి కారణమేమిటో రాయాల్సిన గడి ఉంది. బాలనర్సయ్య ఆమె వైపు చూసి, తడబడుతూ ఏదో చెప్పబోయాడు.

ప్రవీణ్ ఆగలేదు. "గాలి, వెలుతురు" అని రాసి స్టాంపు వేశాడు.