ఆమ్లేశ్వరరావు ఏకగ్రీవం

ఒక పెద్ద అడవిలో ఒక అడవిదున్న ఉండేది. ఆ దున్న పొట్టలో అంతకన్నా పెద్ద అడవి ఒకటి ఉండేది. అందులో కాపురమున్నవి పులులూ నక్కలూ కావు, కంటికి ఆనని సూక్ష్మజీవులు. అయినా వాటికీ పేటలున్నాయి, పంచాయతీ ఉంది, ప్రెసిడెంటు కుర్చీ ఉంది. కాబట్టి వాటిని మనకంటే తక్కువ అనుకోనక్కర్లేదు.

ఆ కుర్చీలో అప్పట్లో పీచమ్మ ఉండేది. దున్న మేసిన గడ్డి పొట్టలోకి రాగానే పీచమ్మ జనం దాన్ని నారనారగా చీల్చేవాళ్ళు. చీలుస్తుంటే కాస్త తీపి ఊరేది. వాళ్ళు తినగా మిగిలింది పక్క పేటకి వెళ్ళేది.

ఆ పక్క పేట పెద్ద ఆమ్లేశ్వరరావు. తీపి తిని పులుపు వదలడం అతని వంశవృత్తి. ఆ పులుపు తాగి చారుమతి పేట బతికేది. అందరి దగ్గరా లేచిన గాలిని పోగుచేసి, దున్న నోటిగుండా త్రేన్పుగా పంపే పని గాలయ్యది. ఒకరి ఎంగిలి ఇంకొకరికి అన్నం. ఎవరికీ విందుల్లేవు, ఎవరికీ పస్తుల్లేవు.

ఆ ఎంగిలే ఆమ్లేశ్వరరావుకి ముల్లులా గుచ్చుకునేది. "ఇంకాస్త మిగిలింది, పట్టుకెళ్ళు తమ్ముడూ" అని పీచమ్మ కల్మషం లేకుండా అనేది. అతను నవ్వుతూ పట్టుకెళ్ళేవాడు. ఇంటికెళ్ళాక పళ్ళు నూరేవాడు అందామంటే, పాపం, అతనికి పళ్ళు లేవు.

ఒకసారి దున్న దారిలో రాలిన ఇప్పపూలు కాసిని నాకింది. తీపి నేరుగా పొట్టలోకి దిగింది. సూక్ష్మజీవులకి పెళ్ళీ పురుడూ ఉండవు. కడుపు నిండితే నడుముకి చీలి ఒకరు ఇద్దరవుతారు. ఆమ్లేశ్వరరావు మనుషులు తిన్నారు, చీలారు, మళ్ళీ తిన్నారు. చూస్తుండగానే పేటలో కాలు పెట్టే చోటు లేకపోయింది. పూలు అరిగాక పేట మళ్ళీ చిక్కిపోయింది గానీ, అతని బుర్రలో ఒక ఆలోచన మిగిలిపోయింది. పంచాయతీలో ఓటు తలకొకటి కదా!

వెంటనే గాలయ్య ఇంటికి వెళ్ళాడు.

"బావా, ఈ పొట్టలోంచి పైకి కబురు పంపగలిగేది నువ్వొక్కడివే. దున్న గడ్డి తిన్నప్పుడల్లా త్రేన్పులో నా పులుపు కాస్త కలిపి పంపు. గడ్డంటే దానికి వెగటు పుట్టాలి."

"పుడితే నాకేంటి?"

"వైస్ ప్రెసిడెంటువి."

గాలయ్య ఆలోచిస్తున్నట్టు కాసేపు ముఖం పెట్టాడు. "జనం కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా బావా!" అన్నాడు.

పుల్లటి త్రేన్పులు మొదలయ్యాక దున్నకి గడ్డి సయించలేదు. మూతి తిప్పుకుని ఇప్పతోపులోకి పోయి, నేలంతా పరుచుకున్న పూలని పొట్ట పగిలేలా మేసింది.

లోపల తీపి వరదలా వచ్చిపడింది. ఆమ్లేశ్వరరావు అదే అదనుగా ఎన్నికలు పెట్టించాడు. "కష్టపడి చీల్చే కాలం పోయింది! కూర్చుని తినే కాలం వచ్చింది!" అని ఊరేగాడు. నడుముకి చీలి పుట్టినవాళ్ళు తమకి తాము కాక ఇంకెవరికి ఓటేస్తారు? పీచమ్మ కుర్చీ దిగిపోయింది.

ప్రమాణస్వీకారం సభకి చారుమతి ఆయాసపడుతూ వచ్చింది.

"అయ్యా, పులుపు పీకల దాకా వచ్చింది. మావాళ్ళు ఆపకుండా తాగుతున్నారు. కానీ మేం మీ అంత తొందరగా పెరగలేం. మీవాళ్ళని నాలుగు రోజులు కాస్త నెమ్మదిగా తినమనండి."

ఆమె చెప్పింది నిజమని ఆమ్లేశ్వరరావుకి తెలుసు. అతని ఒళ్ళే అప్పటికి చురచురమంటోంది. కానీ వెనక జనం జేజేలు కొడుతున్నారు. ఆ జనం ముందు "తక్కువ తినండి" అని అనడమా? అంతకంటే కాలిపోవడమే నయమనిపించింది.

"అది పులుపు కాదు చారుమతి గారూ, అభివృద్ధి" అన్నాడు. సభ దద్దరిల్లింది. ఇకమీద పులుపనే మాట ఎత్తినవాళ్ళు పొట్టద్రోహులని అక్కడికక్కడే తీర్మానం చేశారు.

పీచమ్మ జనం ఆ పులుపుకి గోడల పక్కన మాడిపోతున్నారు. చివరికి ఆవిడే వచ్చింది.

"కుర్చీ నువ్వే ఉంచుకో తమ్ముడూ. మావాళ్ళని కొందరినైనా బతకనియ్యి. పూలు అయిపోయాక గడ్డి చీల్చేదెవరు?"

"మీటింగులో ఉన్నాను, తర్వాత రండి" అన్నాడు ఆమ్లేశ్వరరావు, ఆవిడ ముఖం చూడకుండా.

ఆవిడ తర్వాత రాలేదు. రావడానికి ఆవిడే లేదు. చారుమతి పేటలో అలికిడి ఆగింది. వైస్ ప్రెసిడెంటు గాలయ్య జనం కూడా పులుపుకి రాలిపోవడంతో త్రేన్పులు పంపే నాథుడు లేకపోయాడు. దున్న పొట్ట నగారాలా బిగిసింది. అది మూలుగుతూ తోపులోనే ఒరిగిపోయింది.

మర్నాడు పంచాయతీ కూర్చుంది. "నన్ను వ్యతిరేకించేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ఆమ్లేశ్వరరావు అడిగాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. మూడు పేటల బల్లలూ ఖాళీ. అతని ఛాతీ పొంగింది. జీవితంలో అంత హాయి అతనెప్పుడూ ఎరగడు. ఆ హాయిలో, తనవాళ్ళు తమ పులుపులోనే గిలగిల్లాడుతున్నారన్న సంగతి కాస్త ఆలస్యంగా గమనించాడు. పైనుంచి తీపి రావడం లేదు. దున్న ఊపిరి ఆగింది.

అప్పుడు వెనక పేగుల్లోంచి మేళతాళాలతో ఒక గుంపు వచ్చింది. వాళ్ళు శవాలని కుళ్ళబెట్టేవాళ్ళు. వాళ్ళ నాయకుడు వంగి దణ్ణం పెట్టి ఆమ్లేశ్వరరావు మెడలో దండ వేశాడు.

"దున్న బతికున్నన్నాళ్ళూ ఇక్కడ మాకు అడుగు పెట్టే వీల్లేకపోయింది. తమరి పాలన చలవ!"

"మరి పంచాయతీ?" అన్నాడు ఆమ్లేశ్వరరావు.

"తమరి పేరే పెడతాం, కదలకండి" అంటూ వాళ్ళు అతన్ని కాళ్ళ దగ్గర్నుంచి తినడం మొదలుపెట్టారు.

నీతి: ఏకగ్రీవంగా గెలవడానికి అందరి మెప్పూ పొందక్కర్లేదు, అందరూ పోతే చాలు.