సాయమ్మ కాలు, మంత్రిగారి ఒరిజినల్

"ఈ రోజు నుంచి స్వైన్ ఫ్లూ మీద మన రక్తనాళాలు యుద్ధం ప్రకటిస్తున్నయి!"

2009 డిసెంబరు మొదటి వారంలో, నానక్‌రామ్‌గూడ సర్కారు రక్తనాళాల ఆస్పత్రి మెట్ల మీద నిలబడి మంత్రి యజ్ఞనారాయణ గారు ఈ మాట అన్నప్పుడు మొట్టమొదట చప్పట్లు కొట్టింది నేనే. అర్థమై కొట్టలేదు. అర్థమైన మాటకు ఎవడైనా కొడతాడు, అందులో గొప్పేముంది?

నా పేరు శివశంకర్. మాది కడప. ఆస్పత్రి గేటుకు ఎదురుగా నాకో జిరాక్స్ షాపు ఉంది. మొన్నమొన్నటి దాకా దాని పేరు రాయలసీమ జిరాక్స్ సెంటర్. ఉద్యమం వేడెక్కాక ఒక పొద్దున నలుగురు కుర్రాళ్లు వచ్చి నా బోర్డు వంక చాలాసేపు ఆప్యాయంగా చూసి వెళ్లారు. మర్నాటికల్లా అది జై తెలంగాణ జిరాక్స్ సెంటర్ అయింది. కాలానికి తగ్గట్టు మారడమంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అందుకే ఆస్పత్రి మారిన తీరు చూసి ముచ్చటపడ్డాను.

పదహారు మంచాల రక్తనాళాల వార్డు ఒక్క రోజులో ఫ్లూ వార్డు అయిపోయింది. ఆపరేషన్ థియేటర్‌లో మాస్కుల పెట్టెలు సర్ది, తలుపుకు సీలు వేశారు. అయితే ఫ్లూ వచ్చినవాళ్లను నగరంలోని వేరే పెద్దాస్పత్రికే పంపాలని అంతకు ముందే ఒక జీవో ఉంది. దానికి కాపీలు తీసింది కూడా నేనే. కాబట్టి మన వార్డులో ఒక్క ఫ్లూ రోగీ చేరలేదు. చేరలేదు గనుక పోలేదు. వారం తిరక్కుండా గేటు మీద "ఫ్లూ మరణాలు: సున్నా" అని బోర్డు పెట్టారు. దేశంలో ఇంకెవరు సాధించారో చెప్పండి చూద్దాం.

ఇంత మంచి ఏర్పాటుకు అడ్డం వచ్చిన మనిషి సాయమ్మ.

సాయమ్మది పాలమూరు వైపు. మా వీధి చివర అద్దాల టవర్లో ఏడో అంతస్తు తుడుస్తుంది. షుగరుంది. ఎడమ తొడలో పెద్ద రక్తనాళం మూసుకుపోయి పాదానికి నెత్తురు అందడం లేదు. యాభై అడుగులు వేస్తే పిక్క పట్టేసేది. నా షాపు అరుగు మీద కూర్చుని, నొప్పి తగ్గాక లేచి, మళ్లీ యాభై అడుగులు వేసేది. ఈ మధ్య కూర్చున్నా తగ్గడం లేదు. నెత్తురు వేరే దారిన పాదానికి పోయేలా బైపాస్ చేస్తానని, గుండెకు కాదు కాలికే చేస్తారట, డాక్టర్ రామాంజనేయులు గారు డిసెంబరు పధ్నాలుగో తేదీకి రాసిచ్చారు. నెల దాటితే కాలు దక్కదని కూడా చెప్పారు. ఆ చీటీకి మూడు కాపీలు తీయించుకుని, ఒరిజినల్ కొంగున ముడేసుకుంది.

పధ్నాలుగున గేటు దగ్గర సెక్యూరిటీ నర్సయ్య ఆపాడు.

"అక్కా, ఇది ఇగ ఫ్లూ దవాఖాన. నీకు దగ్గున్నదా?"

"లేదు."

"జరమున్నదా?"

"లేదు. కాలు నొప్పున్నది."

"దగ్గు లేకుంటె లోపలికెట్ల పంపుత?"

సాయమ్మ ఒక్క క్షణం ఆలోచించి, ఖళ్లు ఖళ్లున దగ్గింది.

"అయ్యో, దగ్గున్నదా! అయితె పెద్ద దవాఖానకు పోవాలె. జీవో ఉన్నది," అన్నాడు నర్సయ్య. పాపం, మంచివాడే. తాగడానికి నీళ్లిచ్చి పంపాడు.

నెత్తురందని కాళ్లు ఫ్లూ తగ్గేదాకా ఆగవని డాక్టరు గారు పైకి రాశారు. మంత్రిగారు ఊరుకునే రకం కాదు. ఆ సాయంత్రమే కమిటీ వేశారు. కమిటీ మదీనాగూడ రంగుల దుకాణం నుంచి గోడలకేసే రంగుల కార్డు తెప్పించి, దాన్నిబట్టి ఒక పద్ధతి కనిపెట్టింది. రోగి లోపలికి రానక్కర్లేదు, గేటు దగ్గరే కాలివేలిని కార్డుతో పోల్చి చూస్తారు. గులాబి రంగైతే ఇంటికి. అయితే గులాబి అప్పటికే ఒక పార్టీ రంగు గనుక, కార్డు మీద "లేత ఎరుపు" అని రాశారు. ఊదా రంగైతే డాక్టరు దగ్గరికి. నల్లబడితే వేరే ఆస్పత్రికి, తీసేయించుకోవడానికి.

మంత్రిగారి పీఏ ఆ కార్డు పట్టుకొచ్చి నూట ఇరవై కాపీలు కావాలన్నాడు.

"సార్, నాది బ్లాక్ అండ్ వైట్ మెషిన్. రంగులు రావు."

"రంగులు ముఖ్యమా, రూలు ముఖ్యమా? తియ్యి."

తీశాను. పైన లేత బూడిద, మధ్యలో మామూలు బూడిద, కింద నలుపు వచ్చాయి.

మర్నాడు నర్సయ్య గొంతుక్కూర్చుని, సాయమ్మ బొటనవేలి పక్కన ఆ కాగితం పెట్టి, బంగారం గీటు చూసినంత శ్రద్ధగా చూశాడు.

"నీ ఏలు ఊదగున్నదక్కా. కార్డుల ఊద లేదు. ఉన్నయన్ని బూడిద రంగులే."

"బూడిద రంగే కావాల్నంటె కాష్టంల కాలినంక రావాలె బిడ్డా. అప్పుడు నడిచి రాను మరి."

ఆ వారం గేటుకు వచ్చిన ఏ వేలూ కార్డుకు సరిపోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లిన రోగుల సంఖ్య సున్నా. సైబరాబాద్‌లో కాళ్ల రక్తనాళాల జబ్బు కనుమరుగైందని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. నాకు సిగ్గేసింది. కొంచెమే. మెషిన్ది కదా తప్పు అని సర్ది చెప్పుకున్నాను.

రోగులు లోపలికి రాకపోతే డాక్టరే బయటికి వచ్చారు. రామాంజనేయులు గారు అనంతపురం మనిషి. ఆ రోజుల్లో యాస బయటపడకుండా వీధిలో సైగలతో బతికేవారు. నా అరుగు మీద సాయమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని, చీలమండ దగ్గర రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు నాడి వెతికారు. కళ్లు తెరిచాక యాస సంగతి మర్చిపోయారు.

"శంకరా, శానా దినాలు ల్యావు. థియేటర్ ఒగ పూట తెరిస్తే సాలు, ఈయమ్మ కాలు నేను నిలబెడతా. మంత్రి సంతకం పెట్టల్ల, అంతే."

నా దగ్గరే తెల్లకాగితం తీసుకుని ఒక్క వాక్యం రాశారు: సాయమ్మ ఎడమ కాలి కోసం థియేటర్ ఒక పూట తెరవడానికి అనుమతి కోరడమైనది. ఆ వాక్యానికి అట్ట కట్టి, టేపు చుట్టి, నంబరు వేసి ఫైలు చేసేసరికి డిసెంబరు ఆఖరి వారం వచ్చింది.

ఆ వారంలోనే మంత్రిగారు ప్రజల కోసం ఎమ్మెల్యే పదవికీ మంత్రి పదవికీ ఒకే ఉత్తరంతో రాజీనామా చేశారు.

అంత గొప్ప ఘట్టం నా షాపులో జరిగిందంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పీఏ రాజీనామా ఉత్తరం తెచ్చి నలభై కాపీలు తీయించాడు. టీవీల వాళ్లకు, పేపర్ల వాళ్లకు, నియోజకవర్గానికి. మంత్రిగారు నా గుమ్మంలో నిలబడి ఉత్తరాన్ని కెమెరాలకెత్తి చూపి, కవర్లో పెట్టి, స్పీకరు గారికి పంపించారు. జేజేలు మిన్నంటాయి. అందరూ వెళ్లాక ఎవరిదో రేషన్ కార్డు పెడదామని మెషిన్ మూత ఎత్తాను. అద్దం మీద ఒరిజినల్ రాజీనామా, నీలం సిరా సంతకంతో సహా, బోర్లా పడుకుని ఉంది. పంపింది జిరాక్స్ అన్నమాట. కంగారుగా పీఏకు ఫోన్ చేశాను.

"పరేషాన్ గాకు శంకర్. జిరాక్స్ షాపుల గిసొంటి పొరపాట్లు మామూలే. ఒరిజినల్ నీ దగ్గర్నే పెట్టుకో. ఎవ్వరికి చెప్పకు."

నా డ్రాయర్లో పెట్టి తాళం వేశాను.

జనవరి నాలుగున ఫ్లూ వార్డు నెల రోజుల విజయోత్సవం. ఖాళీ మంచాలకు పూలదండలు చుట్టారు. గేటు పక్కనే రిలే దీక్షల టెంటు, అందులో మైకు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తుండగా డాక్టరు గారు ఫైలు పట్టుకుని, సాయమ్మను నడిపించుకుని వచ్చారు. బొటనవేలు అప్పటికి ముదురు ఊదాలో ఉంది.

"డాక్టర్ సాబ్, నేను రాజీనామ చేసిన. చేసినంక ఫైలు ముట్టుకుంటె ప్రజలేమనుకుంటరు?"

"మరి రిబ్బన్ కత్తిరిస్తా ఉండారే సార్?"

"రిబ్బన్ మీద సంతకం పెట్టేది లేదు గద."

సాయమ్మ ముందుకు జరిగింది. "నా కాలు గూడ తెలంగాణదే సారూ," అంది.

మంత్రిగారి చేతిలో కత్తెర ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన నీళ్లే, నేను దగ్గరగా చూశాను. ఆయన మైకందుకున్నారు.

"ఇన్నరా! ఈ తల్లి కాలు తెలంగాణ కాలు! రాష్ట్రం వచ్చేదాక ఈ కాలు ఎన్కకు తగ్గది!"

చప్పట్లు, నినాదాలు. ఎవరో సాయమ్మ మెడలో దండ వేసి, టెంటులో ముందు వరసలో కూర్చోబెట్టారు.

"సంతకం, సారూ?" అంది దండలోంచి.

"రాష్ట్రం రానీ తల్లీ. మొదటి సంతకం నీ కాలుకే."

నేను పక్కనే ఉన్నాను. డ్రాయర్ తాళంచెవి నా జేబులో ఉంది. ఆయన రాజీనామా ఇంకా నా షాపు దాటలేదని అక్కడ తెలిసినవాణ్ణి, పీఏ కాకుండా, నేనొక్కణ్ణే. నోరు తెరిచాను. ఆ నలుగురు కుర్రాళ్లు నా వంక ఆప్యాయంగా చూశారు. మూసుకున్నాను. అంత పిరికివాణ్ణని ఆ పూట దాకా నాకూ తెలియదు.

తొమ్మిది రోజుల తర్వాత సాయమ్మను ఆటోలో గేటు దగ్గరికి తెచ్చారు. నర్సయ్య అలవాటుగా కార్డు తీసి వేలి పక్కన పెట్టాడు.

"అక్కా! సరిపోయింది!" అన్నాడు సంబరంగా. కింది గడిలోని నలుపుతో సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత తనేమన్నాడో తనకే తెలిసి, కార్డుతో మొహం కప్పుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆటో రూలు ప్రకారం వేరే ఆస్పత్రికి వెళ్లింది. అక్కడ మోకాలి కింద తీసేశారు.

జనవరి నెలాఖరులో పేపర్లో వార్త. స్పీకరు కార్యాలయానికి అందింది జిరాక్స్ కాపీ మాత్రమేనని, ఒరిజినల్ లేని రాజీనామా చెల్లదని తేలింది. అంటే మంత్రిగారు ఒక్క రోజు కూడా పదవి వదల్లేదు. ఆయన బరువెక్కిన గుండెతో ఆ నిజాన్ని స్వీకరించి, అదే రోజు కూర్చుని ఆగిన ఫైళ్లన్నిటి మీదా సంతకాలు చేశారు. ఆలస్యమైందని రేపు ఎవరూ అనకూడదు గదా. అందుకని ఏ ఫైలు ఏ రోజు తన ముందుకు వచ్చిందో ఆ తేదీయే వేశారు. సాయమ్మ కాలికి జనవరి నాలుగునే అనుమతి వచ్చేసింది. అడిగిన రోజే మంజూరు! ఇంత వేగం మా కడపలో నేనెన్నడూ చూడలేదు.

ఫిబ్రవరిలో సాయమ్మ చంకకర్రతో నా షాపుకు వచ్చింది. ఇప్పుడు యాభై అడుగులకు ఆగడం లేదు, పదికే ఆగుతోంది. టవర్లో పని పోయింది. అరుగు మీద కూర్చుని కొంగు ముడి విప్పి ఒక కాగితం ఇచ్చింది.

"సర్కారుకెల్లి వచ్చింది. చదువు తమ్మీ."

చదివాను. జనవరి నాలుగున ప్రభుత్వం థియేటర్ మంజూరు చేసినా సాయమ్మ ఆపరేషన్‌కు హాజరు కాలేదు. విలువైన ప్రభుత్వ సదుపాయాన్ని ఎందుకు వినియోగించుకోలేదో మంత్రిగారి పేషీకి పదిహేను రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

"మల్లొక్కపారి చదువు."

మళ్లీ చదివాను. ఆమె ముక్కు చీది, "జవాబు రాయి తమ్మీ. నేను చెప్త," అంది.

తెల్లకాగితాలు అయిపోయాయి. ఆ రోజు బంద్, నాది సగం షట్టర్ దించి ఉంది, పక్క షాపులన్నీ మూసేశారు. డ్రాయర్ తెరిచాను. ఉన్నది ఒక్కటే కాగితం.

"గదున్నది గద. ఎన్క ఖాళీగనే ఉన్నది."

"అక్కా, అది..."

"ఏంది, పనికొచ్చే కాయితమా?"

నీలం సంతకం వంక చూశాను. "కాదక్కా," అన్నాను. తిరగేసి, ఆమె చెప్పినట్టే రాశాను.

"సారూ, మీరు చెప్పిన దినం నేను వచ్చిన. నా కాలు గూడ నాతోని వచ్చింది. ఇద్దరికి కలిపి ఒక్కటే దండ ఏసిండ్రు. మీరు రాజీనామల ఉన్న అన్నరు. ఇగ కాలు రాదు. నేనొక్కదాన్నె వస్త, ఎప్పుడు రమ్మంటరు?"

స్టాంపు ప్యాడ్ మీద అద్ది వేలిముద్ర వేసింది. కాగితాల్లేవని మర్చిపోయి, అలవాటుగా కాపీ తీద్దామని మెషిన్ మూత ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"జిరాక్స్ పంపకు తమ్మీ. అది చెల్లదంట గద. అసలుదే పంపు."

అసలుదే కవర్లో పెట్టి అంటించాను. కవరు మీద మంత్రిగారి పేషీ చిరునామా రాయాలి. చెయ్యి ఎలా తిరిగిందో, స్పీకరు గారి కార్యాలయం అని రాసేశాను.

జిరాక్స్ షాపుల్లో ఇలాంటి పొరపాట్లు మామూలే.