మూడక్షరాల కోళ్ళగూడు

ఆ ఆదివారం పొద్దున బోర్డుల పెయింటరుకు ఉన్న పనులు రెండే. ఒకటి, భార్య పెంచుతున్న ఆరు కోళ్ళకు గూడు కట్టడం. రెండు, పదకొండింటికల్లా కొత్తగా తెరుస్తున్న కంటి వైద్యశాలకు బోర్డు తీసుకెళ్ళి తగిలించడం. గూటికి పాత బట్టల కొట్టు బోర్డు, ఆస్పత్రికి నిన్ననే ఆరిన కొత్త బోర్డు. ఇందులో తికమక పడడానికి ఏముందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన్ని ఎరిగినవాళ్ళకు మాత్రం అలా అనిపించదు.

వీధిలో ఆయన్ని మబ్బులాయన అంటారు. నిచ్చెనెక్కి అక్షరం మొదలుపెట్టి, సగంలో ఆకాశంకేసి చూసి, కుంచె ఎండిపోయేదాకా అలాగే ఉండిపోతాడు. చదువు రాక కాదు. అక్షరం ఆయన కంటికి మాటలో ముక్కలా కనిపించదు. ఒక వంపులా, నీటి మీద నీడలా, ఒక్కోసారి మెడ తిప్పి చూసే పక్షిలా కనిపిస్తుంది.

రేకుల షెడ్డులో రెండు బోర్డులూ దుమ్ము పడకుండా గోడవైపు ముఖం పెట్టుకుని నిలబడి ఉన్నాయి. వెనకనుంచి చూస్తే రెండూ ఒకే బూడిదరంగు ప్లైవుడ్డు.

"ఏమే, పాతది ఏది?" అని వంటింటి కిటికీ వైపు తిరిగి అడిగాడు.

"కుడివైపుది. ఎడమవైపుది ముట్టుకోకండి, అది డాక్టరమ్మది" అంది ఆవిడ కిటికీలోంచి.

ఆవిడ తనకు కుడివైపున కనిపించేదాన్ని చెప్పింది. ఆవిడకు ఎదురుగా నిలబడ్డ ఆయన తన కుడివైపు చూసుకున్నాడు.

రంపం పాట మొదలైంది. రేకు చిల్లుల్లోంచి ఎండ సన్నటి దారాల్లా దిగుతుంటే, చెక్కపొట్టు అందులో బంగారు పొడిలా తేలింది. దాన్ని చూస్తూ ఆయన, కోళ్ళకు కలలు వస్తాయా అని ఆలోచించాడు. వస్తే గింజలే వస్తాయా, లేక అవి కూడా ఎగురుతున్నట్టు కలగంటాయా? ఎగరగలిగే కోడికి ఇల్లు ఎంత ఎత్తుండాలి? అలా బోర్డును నిలువుగా మూడు ముక్కలు చేసి, వాన తట్టుకుంటుందని రంగున్న వైపు బయటికి పెట్టి, మూడు గోడలుగా నిలబెట్టాడు. నడిమి గోడకే బందులు వేసి తలుపు చేశాడు. నాలుగో వైపు ఇనుప జాలీ. పైన రేకు.

తలుపు మీద అక్షరాల వంపులు చూసి ముచ్చటపడ్డాడు. "ఎవరు రాశారో గానీ, మంచి చెయ్యి" అనుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. కళ్ళ డాక్టరమ్మ.

"బాబాయ్ గారూ, మా మామ్మ రైలు దిగిందండీ. పని ఎంతవరకొచ్చింది?"

"అయిపోయినట్టేనమ్మా. ఆఖరి మేకులు కొడుతున్నాను. తలుపు కూడా భలే కుదిరింది."

"తలుపు కూడా చేశారా! అది సరిగ్గా పడట్లేదని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలమ్మా, చూస్తే తెలియదూ? జాలీ కూడా బిగించాను. గాలి బాగా ఆడుతుంది."

"మీలాంటివాళ్ళు ఎక్కడుంటారు బాబాయ్ గారూ!" అంది డాక్టరమ్మ సంబరంగా. ఎవరి కోళ్ళ గురించో ఈ పిల్ల ఎంత ఆపేక్షగా అడుగుతోందోనని ఆయన పొంగిపోయాడు.

డాక్టరమ్మ ఆనందానికి కారణముంది. ఆమెను చిన్నప్పటినుంచీ పెంచింది మామ్మే. డాక్టరమ్మది మామ్మ పేరే, మూడక్షరాలు. మామ్మ తన ఊళ్ళో పాతికమందికి కుట్టుపని నేర్పుతుంది. వచ్చి నా దగ్గర ఉండమని మనవరాలు ఎన్నిసార్లు బతిమాలినా "నాకు తీరికేదే?" అనేది. ఇన్నేళ్ళకు, బోర్డు మీద పేరు చూసి రిబ్బను కత్తిరించి ఒంటిగంట బండికి వెళ్ళిపోతానని ఒప్పుకుంది. మనవరాలికి ఆ రెండు గంటలే దక్కినట్టు.

పెయింటరు భార్య పదకొండు గుడ్లున్న బుట్టతో పెరట్లోకి వచ్చింది. పొదుగుకు వచ్చిన ఎర్రకోడి వారంరోజులుగా ఉతికిన బట్టల గంప వదలడం లేదు. ఆవిడ గూట్లో గడ్డి పరిచి గుడ్లు సర్దగానే, ఎర్రకోడి గంప దిగి నడిచొచ్చి, లోపలికి దూరి, రెక్కలు విప్పి వాటిమీద కూర్చుంది. ఆవిడ మురిసిపోయి తలుపు మూసింది. మూసిన తలుపు మీద పైన ఒక పెద్ద అక్షరం, దాని కింద ఏదో చిన్నగా రాసి ఉంది.

"వైద్య..." అని చదివింది. పక్కకు జరిగి "కంటి" అని చదివింది. రెండోవైపు వెళ్ళి "శాల" అని చదివి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఏమండీ! బట్టల కొట్టువాళ్ళకి కళ్ళతో ఏం పని?"

ఆయన రంపం వైపు, గూటి వైపు, ఆకాశం వైపు వరసగా చూశాడు. ఆకాశంలో ఈసారి చూడదగ్గది ఏమీ లేదు.

"విప్పేస్తాను. పది నిమిషాల్లో అతికిస్తాను" అంటూ సుత్తి అందుకున్నాడు.

"ముట్టుకుంటే ఊరుకోను! కోడి కూర్చుంది. సుత్తి దెబ్బకి లేచిపోతే పదకొండు ప్రాణాలు. ఇరవై ఒక్క రోజులు ఒక్క మేకు కదపడానికి వీల్లేదు."

ఇంతలో మళ్ళీ ఫోను. ఆవిడే ఎత్తింది.

"పిన్నిగారూ, ఆస్పత్రి దగ్గర బోర్డు లేదేంటి? బాబాయ్ గారు ఎక్కడ కొట్టారు?"

"మా పెరట్లో అమ్మా."

"పెరట్లోనా? పోనీ, ఆటోలో వేసి పంపించండి."

"కుదరదమ్మా. లోపల కూర్చుంది, లేవదు."

"ఎవరు కూర్చున్నారు? బోర్డు లోపల ఎలా కూర్చుంటారు?"

"వచ్చి చూడమ్మా" అని ఆవిడ ఫోను పెట్టేసింది. పావుగంటలో ఆటో వచ్చి ఆగింది. ముందు డాక్టరమ్మ, వెనక రిబ్బనూ కత్తెరా ఉన్న పళ్ళెంతో కాంపౌండరు, చివర్లో చెయ్యి పట్టుకోనివ్వకుండా తనంతట తానే దిగిన మామ్మ. పెయింటరు గూటి పక్కనే నిలబడ్డాడు. దాక్కుందామనుకున్నాడు గానీ, పెరట్లో ఆయన పట్టేంత చోటు గూట్లోనే ఉంది, అది కూడా ఎర్రకోడి తీసేసుకుంది.

డాక్టరమ్మ గూడు చూసింది. తన పేరు మూడు గోడలకు చెదిరి ఉండడం చూసింది. ఆమెకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. "మామ్మ ఎంత దూరంనుంచి వచ్చిందో తెలుసా బాబాయ్ గారూ? ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. మళ్ళీ వస్తుందో రాదో" అంది.

"తప్పయిపోయిందమ్మా. సాయంత్రానికి ఇంకోటి రాసిస్తాను" అన్నాడాయన. సాయంత్రానికి మామ్మ రైల్లో ఉంటుందని తెలిసి, ఆ మాట చివర్లో చిన్నబోయింది.

వాళ్ళిద్దరినీ పట్టించుకోకుండా మామ్మ గూటి దగ్గరకు నడిచింది. ఎడమ గోడ దగ్గర వంగి, వేలితో రంగు వెంట నడుస్తూ మొదటి అక్షరం చదివింది. తలుపు దగ్గరకొచ్చి రెండోది, కుడి గోడ దగ్గర మూడోది. జాలీ దగ్గర ఆగి కోడిని పలకరించి, మళ్ళీ మొదటికి వచ్చింది. అలా మూడుసార్లు తిరిగింది. ఎండలో తెల్లచీర మెల్లగా చుట్టూ తిరుగుతుంటే, గూడే నెమ్మదిగా గాలిలో తేలుతున్నట్టు అనిపించింది పెయింటరుకు. ఆయన క్షమాపణ మధ్యలో ఆపేసి అలా చూస్తుండిపోయాడు.

"ఇది నా పేరేనే!" అంది మామ్మ. "ఇంత పెద్దగా నేనెప్పుడూ చూళ్ళేదు. పైన గోడకి కొట్టుంటే నాకు కనిపించేదా, చేతికి అందేదా? ఎవరు బాబూ రాసింది?"

"నేనేనండీ... కోసింది కూడా నేనేనండీ."

"బాగా కోశావు. కత్తెర ఇలా తేరా."

కాంపౌండరు తలుపుకు రిబ్బను కట్టాడు. మామ్మ కత్తిరించింది. పెయింటరు భార్య చప్పట్లు కొట్టబోయి, కోడి గుర్తొచ్చి, చేతులు రెండూ ఊరికే కలిపి ఊరుకుంది.

"సరే మామ్మా, బండికి టైమవుతోంది" అంది డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఏ బండి? నా పేరు పెట్టుకున్న ఇంట్లో ఒకతి పురిటికి కూర్చుంటే, చూడకుండా పోతానా? ఎన్ని రోజులన్నావమ్మా?"

"ఇరవై ఒకటండీ" అంది పెయింటరు భార్య.

"కుట్టు పిల్లలకి సెలవని ఫోన్ చెయ్యవే. నీ ఇంట్లో నాకో మంచం వెయ్యి. పొద్దున్నే ఇక్కడ దింపు, సాయంత్రం తీసుకెళ్ళు."

ఏళ్ళ తరబడి తను చెయ్యలేని పని ఒక కోడి చేసిపెట్టడం చూసి డాక్టరమ్మ అక్కడికక్కడే ఫోను తీసింది. ఆటో ఎక్కబోతూ వెనక్కి వచ్చి, పెయింటరు చెవిలో అంది, "కొత్త బోర్డుకి తొందరేం లేదు బాబాయ్ గారూ. నిదానంగా రాయండి."

నిదానం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మామ్మ రోజూ స్టూలు వేసుకుని గూటి పక్కన కూర్చునేది. కంచె మీదుగా గూటి గోడ మీది మాట చూసి దారినపోయేవాళ్ళు కళ్ళు చూపించుకోవడానికి లోపలికి వచ్చేవారు. మామ్మ వాళ్ళను నెమ్మదిగా మాట్లాడమని హెచ్చరించి, ఆస్పత్రికి దారి చెప్పి పంపేది.

మిగిలిన ఐదు కోళ్ళు మాత్రం ఆ గూటి వైపు కన్నెత్తి చూడలేదు. వాటి కళ్ళకు ఏ జబ్బూ లేదు మరి.