బల్ల కింది ఆచార్యుడు

పక్కింటావిడ పొద్దున్నే గోడ మీంచి అందించిన కబురును భార్య కాఫీతో పాటు తెచ్చి లెక్చరరు ముందు పెట్టింది. "ఏమండీ, మా చెల్లి మొగుడి వ్యాసానికి నలభై ఫుట్‌నోట్లట! అవేంటో పక్కింటావిడకు తెలీదు గానీ, నలభై అంటే మాటలా అంటోంది."

లెక్చరరుకు కాఫీ చేదెక్కింది. తనదీ తోడల్లుడిదీ ఒకే కాలేజీ, ఒకే శాఖ. ఖాళీ అయిన శాఖాధిపతి కుర్చీ కాలేజీ కమిటీ ముందు ఎవరి వ్యాసం నెగ్గితే వాళ్లది. ముందు బెంచీ వాళ్లకే చదువొస్తుందని తోడల్లుడు రాశాడు. ఇరవయ్యేళ్లుగా తనూ అనే మాటే అది. అయినా ఆ క్షణం నుంచి లెక్చరరుకు వెనక బెంచీల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

ప్రేమ పుట్టింది గానీ ఆధారం పుట్టలేదు. మధ్యాహ్నం దాకా వెతికి, విసిగి బల్ల గుద్దితే, దాని పొట్టికాలి కింద ఎత్తుకు పెట్టిన లావుపాటి టైపు ప్రతి జారి బయటపడింది. మొదటి పేజీలు చెదలు తినేశాయి. ఎవరో రెండు వందల తరగతి గదులు తిరిగి, బెంచీల వారీగా పిల్లల మార్కులు రాసి, చదువుకు బెంచీతో పనిలేదని తేల్చిపారేశారు! లెక్చరరు నలభై ఒక్క ఫుట్‌నోట్లూ అందులోంచే దించేశాడు. పేరుండాల్సిన చోట "ఒక మహా ఆచార్యుడు" అని రాశాడు.

కమిటీ పెద్దాయన వ్యాసం చదివి పిలిపించాడు. "ఎవరయ్యా ఈ మహానుభావుడు?"

"మా గురువుగారండీ."

"ఓసారి తీసుకురా, దణ్ణం పెట్టుకుంటా."

"పోయారండీ," అనేశాడు లెక్చరరు, ఇంకే దారీ తోచక.

పెద్దాయన కళ్లు చెమర్చాయి. మర్నాడు పొద్దున్నే కాలేజీ హాల్లో సంతాపసభ పెట్టించాడు. గురువుగారి ఫొటో లేదంటే, లెక్చరరు చేత ఆ టైపు ప్రతినే తెప్పించి వేదిక మీద దండ వేయించాడు. తోడల్లుడు అక్కడా వెనకపడదల్చుకోలేదు. "ఆయన దగ్గర నేనూ రెండేళ్లు చదువుకున్నాను," అని మైకు ముందు వలవలా ఏడ్చాడు. కడుపు మండిన లెక్చరరు మైకు లాక్కుని అంతకంటే గట్టిగా ఏడ్చాడు.

ముందు వరసలో కూర్చున్న భార్య, దండ వేసిన ఆ ప్రతిని తేరిపార చూసి వేదిక ఎక్కింది. పేజీ తిప్పింది. అంచుల్లో దిద్దుబాట్లన్నీ తన చేతిరాతే.

"ఇది నేను రాసిందండీ, పెళ్లికి ముందు," అంది. "కాపురానికొచ్చిన వారానికే, బల్ల ఊగుతోందని ఈయనే దీన్ని కాలి కింద పెట్టారు."

సంతాప తీర్మానంలో తేదీ వేయడానికి కలం పట్టుకుని కూర్చున్న పెద్దాయనకు ఏమీ అంతుపట్టలేదు. "మరి ఆ ఆచార్యుడు పోయిందెప్పుడమ్మా?"

"మా పెళ్లిరోజునండీ."