నాలుగో స్పీకరు

మా నోంగ్ ఫాయ్ గ్రామంలో శబ్దకాలుష్యం లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ విషయమై నేటివరకు ఒక్క ఫిర్యాదూ అందలేదు. ఫిర్యాదు చేసే అలవాటే మా ఊళ్ళో లేదు కాబట్టి అందలేదని గిట్టనివాళ్ళు అనవచ్చు. కానీ మా ఊళ్ళో గిట్టనివాళ్ళు కూడా ఆ మాట మొహం మీద అనరు. అంత మర్యాద గల ఊరు మాది.

ఉన్నదల్లా ఒక స్తంభం, దాని మీద మూడు స్పీకర్లు. ఒకటి పొలాల వైపు, ఒకటి బౌద్ధ విహారం వైపు, ఒకటి ఇళ్ళ వైపు తిరిగి ఉంటాయి. రోజూ తెల్లవారకముందే, భిక్షువులు భిక్షకు బయలుదేరకముందే, మా గ్రామపెద్ద థొంగ్‌మువన్ గారు తన వసారాలో కూర్చుని మైకు నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అంటారు. తరువాత ఒక జానపద గీతం వేస్తారు. గీతం అయ్యాక గొంతు సవరించుకుంటారు. ఆ సవరణ గీతం కన్నా కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఆ తరువాత వార్తలు: ఏ రోజున కుక్కలకు సూదులు వేస్తారు, దోమల పొగ ఏ వీధికి వస్తుంది, ఎవరి గేదె ఎవరి చెరకు తోటలో దొరికింది.

ఈ వార్తలను మా ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వినడం వేరు, లేవడం వేరు. మేము లేచి, జిగురు బియ్యం పొయ్యి మీద ఆవిరికి పెట్టి, ఎవరి పని వాళ్ళు చేసుకుంటాం. కుక్కలకు సూదులు వేసే రోజున నర్సు వస్తుంది, ఒక్క కుక్క కూడా రాదు. అయినా ప్రసారం ఆగలేదు. ప్రజాసేవ అంటే అదే.

ఇలా సుఖంగా ఉన్న ఊరికి రిక్ పెద్దయ్య వచ్చాడు.

ఆయన హాలండ్ దేశంలో ట్రాము నడిపేవాడు. అదీ పొద్దున్నే కదిలే మొదటి ట్రాము. ఉద్యోగం చేసినంత కాలం సూర్యుడికన్నా ముందు లేచిన మనిషి కావడంతో, రిటైరయ్యాక ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే: ఎండపొడ మొహం మీద పడేదాకా పడుకోవాలి. మా ఊరి ఆడపడుచు సాయ్‌రుంగ్‌ను పెళ్ళి చేసుకుని, ఆమె ముసలి తల్లి ఉన్న ఊళ్ళోనే ఇల్లు కట్టుకుందామని స్థలం చూడడానికి వచ్చిన వారంలో, పిడుగు పడి మైకు యంత్రం కాలిపోయి ఉంది. ఆయన స్థలం మధ్యలో నిలబడి చెవి రిక్కించి విన్నాడు. కప్పలు తప్ప ఏమీ వినపడలేదు. "ఇక్కడే కడదాం," అన్నాడు. ఇంటి వెనక స్తంభం ఉన్న సంగతి అందరికీ తెలుసు. అంత సంతోషంగా ఉన్న మనిషికి చెప్పడం బాగుండదని ఎవరూ చెప్పలేదు.

ఇల్లు లేచింది. నీళ్ళ ట్యాంకు, మోటారు, కిటికీలకు దోమల తెరలు, పట్నం రొట్టె తియ్యగా ఉంటోందని సొంతంగా రొట్టె కాల్చుకోవడానికి ఒక పొయ్యి, అన్నీ అమిరాయి. గృహప్రవేశం నాటికి యంత్రం కూడా బాగై వచ్చింది. మర్నాడు చీకటితో "హలో, హలో" వినపడేసరికి రిక్ పెద్దయ్య లేచి ట్రాము డిపోకు వెళ్ళాలని చొక్కా వేసుకున్నాడట. గుండీలన్నీ పెట్టుకున్నాక గానీ తాను ఎక్కడ ఉన్నదీ గుర్తు రాలేదని సాయ్‌రుంగ్ చెప్పింది.

ఆ తరువాత ఆయన చేయని ప్రయత్నం లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మైనం పెట్టుకున్నాడు. కిటికీలకు రెండో వరస అద్దాలు బిగించాడు. గాలి ఆగిపోయింది, చప్పుడు ఆగలేదు. స్నానాల గదిలో పరుపు వేసుకున్నాడు. చివరికి సాయ్‌రుంగ్ ఆ సంగతి గ్రామపెద్ద భార్య లమ్‌దువన్ చెవిన వేసి వద్దామని పుట్టగొడుగులు పట్టుకుని వెళ్ళింది. పుట్టగొడుగులు తను పాకలో పండించినవే. వానల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాక, ఎవరి మనసూ నొప్పించకుండా అసలు మాట ఎత్తింది.

"ఏం చెప్పను అత్తా, మా ఆయన ఈమధ్య మరీ పెందలాడే లేచేస్తున్నాడు."

"అదృష్టవంతురాలివే పిల్లా! మా ఇంట్లో మనిషి ఆ మైకు కోసం లేస్తాడు గానీ, అది లేకపోతే మధ్యాహ్నం దాకా దొర్లుతాడు."

"కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి అత్తా."

"పరంగోళ్ళ కళ్ళు అలాగే ఉంటాయిలే. కూరల్లో మిరపకాయ తగ్గించు."

మర్నాటి ప్రసారంలో గ్రామపెద్ద గారు ప్రత్యేక ప్రకటన చేశారు. "గ్రామ సోదరీ సోదరులారా! సముద్రాలు దాటి వచ్చిన రిక్ పెద్దయ్య మన ప్రసారం కోసం రోజూ సూర్యుడి కంటే ముందే లేస్తున్నాడు. మన కుర్రకారు ఇది విని సిగ్గుపడాలి!" కుర్రకారు వినలేదు. పెద్దయ్య ఒక్కడే విన్నాడు.

దాంతో ఆయనే స్వయంగా బయలుదేరాడు. వచ్చిన నాలుగు మాటలూ కూడగట్టుకుని, గ్రామపెద్ద వసారాలో నిలబడి, చేతులు జోడించి, "చప్పుడు ఎక్కువ. నాకు నిద్ర లేదు. దయచేసి," అన్నాడు. వసారాలో ఉన్నవాళ్ళందరూ నేల చూశారు. ఒక మనిషితో అతని మైకు గురించి అతని ఇంట్లోనే నిలబడి ఎవరైనా అలా అనడం అదే మొదటిసారి. గ్రామపెద్ద చిరునవ్వు నవ్వి, మంచినీళ్ళు ఇప్పించి, పంపించి, వెంటనే గ్రామ కమిటీని సమావేశపరిచారు.

"ఆలోచించండి," అన్నారు గ్రామపెద్ద. "కప్పల అరుపు ఎంత పెద్దగా ఉంటుంది? రైతుకు అది బాధా? కాదు, వానొస్తుందన్న కబురు. అర్థం తెలిస్తే అది సమాచారం. తెలియకపోతేనే చప్పుడు. మన మాట పెద్దయ్యకు అర్థం కావడం లేదు. అందుకే చప్పుడుగా వినపడుతోంది. లోపం ఆయనది కాదు, మనది! అతిథికి అర్థం కాని భాషలో ఇన్నాళ్ళు మాట్లాడినందుకు మనం సిగ్గుపడాలి."

అందరూ సిగ్గుపడ్డారు. ఖమ్‌పన్ తాత లేచి, "పైగా ఆయన ఇంటి వైపు స్పీకరే లేదు కదా. మాట పక్కనుంచి వాలుగా చెవిలో పడితే ఎవరికైనా చికాకే," అన్నాడు.

రెండు తీర్మానాలూ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. బడి పంతులమ్మ విపా గారు రోజూ వార్తల సారాంశాన్ని ఇంగ్లీషులో కూడా చదవాలి. పెద్దయ్య పడకగదికి ఎదురుగా నాలుగో స్పీకరు పెట్టాలి.

స్పీకరు పెట్టిన రోజున ఊరంతా వచ్చింది. భిక్షువు మంత్రజలం చల్లాడు. స్తంభానికి పసుపు రిబ్బను కట్టి, కత్తెర పెద్దయ్య చేతికే ఇచ్చారు. చుట్టూ ఇంతమంది ప్రేమగా నవ్వుతుంటే, చేతిలో కత్తెర ఉన్న మనిషి ఏం చేస్తాడు? కత్తిరించాడు. మర్నాడు విపా గారి గొంతు ఆయన దిండు మీద పడింది: "శుభోదయం రిక్ గారూ! ఈ రోజు కుక్కలకు సూదులు వేయబడును." ఆయనకు కుక్క లేదు.

ఆ రోజే ఆయన బీరువా మీద నుంచి పెట్టె దించాడు.

"పట్నంలో అద్దె ఇల్లు చూద్దాం సాయ్. నాకు ఇంకేం వద్దు, నిద్ర కావాలి."

"మరి అమ్మనేం చెయ్యమంటావ్? గంపలో పెట్టుకుని మోసుకుపోనా?"

"ఆవిడనీ తీసుకెళ్దాం."

చాప మీద కూర్చుని వక్కాకు నములుతున్న ముసలమ్మ తలెత్తకుండానే, "నే రాను. పట్నంలో మా చెడ్డ చప్పుడు," అంది.

సాయ్‌రుంగ్ ఆ రోజంతా పుట్టగొడుగుల పాకలోనే ఉండిపోయింది. ఒక పక్క తల్లి, ఒక పక్క మొగుడు. ఎవరిని వదులుకోవాలో ఆమెకు తోచలేదు. సాయంత్రం బయటికి వచ్చి మొగుడికి ఒక ఉపాయం చెప్పింది.

"వెళ్ళేముందు ఒక్కసారి నువ్వే మైకులో చెప్పి చూడు. ఒకరితో చెబితే మొహం మీద అన్నట్టవుతుంది గానీ, ఊరందరికీ ఒకేసారి చెబితే ఎవరి మొహం మీదా అన్నట్టు కాదు."

మర్యాదలు తెలిసిన పిల్ల. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గ్రామపెద్ద గారు కూడా, అతిథి నాలుగు మంచి మాటలు చెబుతాడని సంతోషంగా మైకు ఇచ్చారు. పెద్దయ్య చెప్పాల్సింది వల్లె వేసుకుని వచ్చాడు: ఈ చప్పుడు ఆపండి, లేదంటే నేను ఊరు విడిచి వెళ్ళిపోతాను.

"సోదరులారా, శుభోదయం," అని మొదలుపెట్టి ఊపిరి తీసుకున్నాడు.

ఆ ఊపిరి సందులో దగ్గరి వంటింట్లోంచి ఎవరో అవ్వ, "శుభోదయం పెద్దయ్యా!" అని కేకేసింది. అవతలి ఇంట్లోంచి ఇంకొకరు. కాలవ పక్క నుంచి ఇంకొకరు. పరంగి గొంతు కొత్తగా ఉంది కాబట్టి ఆ రోజు ఊరు నిజంగా విన్నది.

ట్రాములో పెద్దయ్య ప్రతి స్టాపు పేరూ మైకులోనే చెప్పేవాడు. ఒక్కరంటే ఒక్కరు జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఇక్కడ ఊరు ఊరంతా పలుకుతోంది. వల్లె వేసుకున్న మాట చెప్పబుద్ధి కాలేదు. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఆకాశం వైపు చూసి, "మబ్బుగా ఉంది. బట్టలు ఆరేసేవాళ్ళు చూసుకోండి. ధన్యవాదాలు," అన్నాడు.

మధ్యాహ్నానికి వాన పడింది. మైకులో చెప్పినది నిజం కావడం మా ఊళ్ళో అదే మొదటిసారి. సాయంత్రం పెద్దయ్య గ్రామపెద్ద ఇంటికి వెళ్ళి, రేపు కూడా రావచ్చా అని అడిగాడు. పెట్టె మళ్ళీ బీరువా మీదికి వెళ్ళింది.

నెల తిరిగేసరికి ప్రసారం పూర్తిగా ఆయన చేతికి వచ్చింది. గ్రామపెద్ద గారు ఎండ ఎక్కేదాకా పడుకోవడం మొదలుపెట్టారు. పెద్దయ్యకేమో నిద్ర సమస్య తీరిపోయింది. నిద్రే అక్కర్లేకపోయింది. పొద్దుటి ప్రసారం కోసం పగలంతా సైకిలు మీద ఊరు తిరిగి వార్తలు పోగు చేసేవాడు. హాలండ్ మనిషి కదా, చూసింది చూసినట్టు చెబుతాడు.

"నిన్న కాలవ గట్టున ప్లాస్టిక్ తగలబెట్టింది ఖమ్‌పన్ తాత. అది మంచిది కాదు. ధన్యవాదాలు."

"ఉబోన్ గారి కొట్టు వెనక డ్రమ్ములో దోమ పిల్లలు ఉన్నాయి. నేను తొంగి చూశాను. ధన్యవాదాలు."

"గ్రామపెద్ద గారు హెల్మెట్ లేకుండా బండి నడిపారు. చెయ్యి ఊపాను, ఆయన కూడా ఊపారు. ధన్యవాదాలు."

ఊరు బాగుపడింది. అది ఒప్పుకోవాలి. సూదుల రోజున కుక్కలన్నీ వచ్చి నర్సు దగ్గర మందు అయిపోయింది. డ్రమ్ములకు మూతలు వచ్చాయి. హెల్మెట్ పెట్టుకుని కొందరు నడిచి కూడా వెళ్ళారు. కానీ మైకులో చెప్పేది వినాల్సి వచ్చాక తెలిసింది, అది ఎంత పెద్ద చప్పుడో. ఉబోన్ కొట్టులో దూది అయిపోయింది. రెండో వరస అద్దాలు ఎక్కడ దొరుకుతాయని వాకబు మొదలైంది.

"ఇన్నేళ్ళు ఆ స్తంభం కిందే పడుకున్నాన్రా," అన్నాడు ఖమ్‌పన్ తాత కొట్టు దగ్గర. "ఒక్కనాడు మెలకువ రాలా. ఇప్పుడు నా పేరొస్తుందేమోనని కోడికన్నా ముందు నేనే లేస్తున్నా."

"నీ పేరు రాకపోతే ఇంకెవరిదొస్తుంది? రోజుకో మంట పెడతావ్," అంది ఉబోన్.

"నీ డ్రమ్ము సంగతో?"

పెద్దయ్యకు చెప్పి ఆపించాలని ప్రముఖులు ఒక బృందంగా ఆయన ఇంటికి వెళ్ళారు. ఆయన రొట్టె, జున్ను పెట్టాడు. జున్ను వాసనను భరించి తిన్నారు. ఆయన గొంతు బాగుందన్నారు. ఇంకో ముక్క పెడితే అదీ తిన్నారు. అసలు మాట ఎవరు చెబుతారని ఒకరి మొహం ఒకరు చూసుకుని, నమస్కారాలు పెట్టి వచ్చేశారు. మర్నాడు మైకులో వాళ్ళందరి పేర్లూ వచ్చాయి, కృతజ్ఞతలతో.

ఇక మిగిలింది జిల్లా అధికారి. తారాజువ్వల పండుగ ప్రారంభించడానికి ఆయన మా ఊరు వచ్చినప్పుడు గ్రామపెద్ద గారు అదను చూసి, ఎవరినీ తక్కువ చేయకుండా, చాలా జాగ్రత్తగా అన్నారు: "అయ్యా, మా పెద్దయ్య గొంతు మా చిన్న ఊరికి మరీ ఎక్కువండీ."

అధికారి ముఖం వికసించింది. వేదికెక్కి ప్రసంగించారు. "ఇంతటి గొంతును ఒక్క గ్రామానికి పరిమితం చేయడం అన్యాయమని మీ గ్రామపెద్ద గారే విశాల హృదయంతో అంగీకరించారు! చుట్టుపక్కల గ్రామాల మైకులన్నిటినీ ఈ మైకుతో కలపవలసిందిగా ఆదేశిస్తున్నాను!" మేము చప్పట్లు కొట్టాము. కొట్టకపోతే బాగుండదు.

తీగలు కలిపారు. ఇప్పుడు పెద్దయ్య సైకిలు మీద పక్క ఊళ్ళన్నీ తిరుగుతున్నాడు. సాయ్‌రుంగ్ పాక రెండింతలైంది. ముసలమ్మ చాప కదలలేదు. ఇక ప్రసారం విషయానికొస్తే, మా ఊరి పేర్లు ఎప్పుడో గానీ రావడం లేదు. పక్క ఊళ్ళో ఎవరి డ్రమ్ములో ఏముందో, ఎవరి కోడలు చెత్త ఎవరి గట్టున పోసిందో, రోజుకొకటి వస్తోంది. మా వంటిళ్ళలో ఇప్పుడు జిగురు బియ్యం ఆవిరి చప్పుడు కూడా అడ్డమని మూత బిగించి వింటున్నారు. ఎంత వినసొంపుగా ఉంటుందో చెప్పలేను.

మొన్న ఊరంతా కలిసి గ్రామపెద్ద ఇంటికి వెళ్ళి, మొహమాటం లేకుండా మొహం మీదే చెప్పాం: పక్క ఊళ్ళవాళ్ళ ఇంటిపేర్లు సరిగా వినపడడం లేదు, శబ్దం పెంచాలి. పెంచుతామన్నారు.

పాఠకులు కోరితే ఒక స్పీకరు మీ వైపు కూడా తిప్పించగలమని మనవి. మీ పేరు రాదు. మీ పక్కింటివాళ్ళది వస్తుంది.